ఐదోవాడు

నిన్న సాయంత్రం కొత్తపేట వైపు వస్తుంటే రోడ్డు పక్క కొబ్బరితోటలో కుర్రాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు. బండి ఆపాను. ఒకడు గట్టుమీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఆడట్లేదా?"

"స్మాష్ కొట్టే అన్నయ్య చదువుకి హైదరాబాద్ వెళ్ళిపోయాడండి. ఇంక మా టీమ్ గెలవదండి."

వాడి మొహం చూస్తే మనసు చివుక్కుమంది.

వాడి పక్కన కూర్చుని 2022 బ్యాడ్మింటన్ థామస్ కప్ కథ చెప్పాను. సెమీస్‌లో డెన్మార్క్. వాళ్ళకి ఆక్సెల్సన్ ఉన్నాడు. అప్పటి ప్రపంచ నంబర్ వన్, ఒలింపిక్ ఛాంపియన్. మొదటి మ్యాచ్ అతనే గెలిచాడు, మన లక్ష్య సేన్ మీద.

కానీ ఈ కప్పులో ఒక్కో పోటీకి ఐదు మ్యాచ్‌లు. ఎంత మొనగాడైనా సింగిల్స్‌లో ఒక్క పాయింటే తేగలడు!

మన అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. శ్రీకాంత్ ఇంకోటి. రెండో డబుల్స్ పోయింది. 2-2. చివర్లో ప్రణయ్. కోర్టులో జారి కాలు మడత పడింది. నొప్పితోనే ఆడి గెలిపించాడు. అంతకుముందు మలేషియా మీద కూడా ఐదో మ్యాచ్ అతనిదే. ఫైనల్లో ఇండోనేషియాని 3-0తో కొట్టేశాం, ప్రణయ్ ఆడాల్సిన పనే లేకపోయింది. అయినా నా లెక్కలో ఆ కప్పు ముందు అతనిదే.

కుర్రాడు అంతా విని, "అయితే ఐదోవాణ్ణి నేనవుతానండి" అని లేచి వెళ్ళాడు.

రాత్రంతా అదే మాట చెవిలో ఉంది.

మీ ఊరి జట్టులో ఆ ఐదోవాడు ఎవరండీ? కామెంట్లో చెప్పండి.