అమ్మమ్మా, ఇప్పుడేం చేస్తావు?

మనకు తెలిసిన ఆటల్లో మనల్ని ఎవరూ ఏమీ అడగరు. వైకుంఠపాళిలో గవ్వలు ఎంత చెబితే అంత. నిచ్చెన వస్తే ఎక్కాలి, పాము నోట పడితే దిగాలి. నాకిష్టం లేదంటే వినే నాథుడుండడు. ఆ మాటకొస్తే సంసారాలూ చాలా ఏళ్లు ఆ పద్ధతిలోనే నడిచాయి లెండి.

అందుకే మిల్వాకీలో మా అమ్మాయి ఇంట్లో ఆర్నెల్లున్నప్పుడు, మనవరాలు "కథల ఆట ఆడదాం రా, అమ్మమ్మా" అంటే, "మీరు కానివ్వండి తల్లీ, నేను పకోడీలు వేసి పెడతాను" అన్నాను.

ఆ ఆటల పుస్తకాలు దాని గదిలో చూసే ఉన్నాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అట. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆ ఆట 1974లో వచ్చింది. గైగాక్స్ కంపెనీ పెట్టిన లేక్ జెనీవా అక్కడికి గంట ప్రయాణమే. ఇప్పుడు మూడు ముఖ్యమైన పుస్తకాలు, ఒక్కొక్కటీ 300 పేజీల పైమాటే. పాచికలే అరడజను రకాలు, ఇరవై ముఖాలున్నది కూడా ఉంది! అవన్నీ చదివేసరికి నా గడువు కాస్తా అయిపోదూ?

"అవి కాదు, ఇది ఒక్క కాగితమే" అంటూ నా చేతిలో పెట్టింది. పేరు హనీ హైస్ట్. గ్రాంట్ హౌవిట్ అనే ఆయన 2017లో రాశాడు. ఆడేవాళ్లంతా ఎలుగుబంట్లు, తేనె కాజేయాలి. ఒక్కొక్కరికీ రెండే గుణాలు: ఎలుగుతనం మూడు, దొంగతనం మూడు. మామూలు పాచిక ఒక్కటి చాలు. పడిన అంకె మన గుణం అంకెకు సమానమైనా, తక్కువైనా పని అయినట్టే. ఎత్తు బెడిసి చిరాకొస్తే దొంగతనం నుంచి ఒకటి ఎలుగుతనానికి పోతుంది. ఎత్తు పారితే ఇటునుంచి అటు. ఎలుగుతనం ఆరైతే వట్టి అడవి జంతువే. దొంగతనం ఆరైతే సొంతవాళ్లకే ద్రోహం. రెంటినీ సరితూచుకోవాలన్న మాట. ఇల్లు నడిపిన ఆడదానికి ఇది వేరే నేర్పాలా?

నా ఇబ్బందల్లా అల్లుడుగారు. పెళ్లయి పదహారేళ్లయినా మా మధ్య "కాఫీ తాగుతారా బాబూ", "వద్దండీ అత్తయ్యగారూ" దాటి మాట సాగలేదు. మంచివాడే, మొహమాటం ఇద్దరిదీ. అలాంటిది ఒకే బల్ల దగ్గర ఆయన కౌబాయ్ టోపీ పెట్టిన ధ్రువపు ఎలుగు, నేను కిరీటం పెట్టిన పాండా!

మనవరాలు కథ అందుకుంది. అల్లుడుగారు తేనె గోదాము కిటికీలో దూరబోయి నడుము దగ్గర ఇరుక్కున్నారు. కాపలావాడు టార్చిలైటుతో వస్తున్నాడు. "అమ్మమ్మా, ఇప్పుడేం చేస్తావు?" అంది పిల్ల.

"మీ అమ్మ ఏం చెయ్యమంటే అది."

"అలా కాదు. నువ్వేం చేస్తావు?"

కూర ఏం చెయ్యమంటారని నేను ఇంటిల్లిపాదినీ అడగడమే గాని, నన్ను ఇలా అడిగి, జవాబు కోసం అందరూ ఆగి చూడడం ఎన్నాళ్లయిందో! కాసేపు ఆలోచించి, "కాపలావాడికి ఎదురెళ్తాను. భోంచేశావా నాయనా, ఇంత రాత్రి డ్యూటీ ఏమిటి, పిల్లలెంతమంది అని అడుగుతాను" అన్నాను.

దొంగతనం మీద పాచిక వేశాను. రెండు! అతను కష్టసుఖాలు చెప్పుకుంటుండగా మా అమ్మాయి వెళ్లి ధ్రువపు ఎలుగును బయటికి లాగింది. "బతికించారు అత్తయ్యగారూ!" అని అల్లుడుగారు కేకపెట్టారు. ఆయనకు అంత గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక్కడా పాచిక ఉంది, కాదనను. కానీ ముందు నా మాట, తర్వాతే పాచిక. నియమాలు తక్కువ కాబట్టి కొత్తవాళ్లు బిక్కమొహం వేసుకుని కూర్చోనక్కర్లేదు. తమకు వచ్చిన విద్యతోనే దిగిపోవచ్చు.

మరుసటి శనివారం ఇంకో ఒంటికాగితం ఆట. జాన్ హార్పర్ 2013లో రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్. అందరం ఒక అంతరిక్ష నౌకలో ఉంటాం. మనిషికి ఒకటే అంకె, రెండు నుంచి ఐదు లోపు. పెద్ద అంకె వాళ్లకు యంత్రాలు, తర్కం బాగా వస్తాయి. చిన్న అంకె వాళ్లకు మనుషుల మనసులు గెలవడం.

"అత్తయ్యగారికి రెండు వెయ్యండి, మొన్న చూశాంగా" అన్నారు అల్లుడుగారు నా కుర్చీ జరుపుతూ.

"లేదు బాబూ, నాకు ఐదు" అన్నాను. "మనసులు సర్దే పని నలభై ఏళ్లుగా చేస్తూనే ఉన్నాను. ఈ పూట అది మీరు చూసుకోండి. ఇంజను దగ్గర నేనుంటాను."