ఆ కాగితము వెల ఎంత?

ఈ నెల మేము చేసిన ఒక తప్పును మీతో చెప్పుకుంటున్నాము. మీ ఊరిలో, మీ సంఘములో ఇలాంటిది జరుగకూడదన్నదే మా కోరిక.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు మా ప్రాంతములో వరి పనలు నీట మునిగాయి. సహాయము చేస్తామని వచ్చినవారు ప్రతి కుటుంబము నుండి ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకము జిరాక్సులు అడిగారు. సంఘ పెద్దలతో కలిసి మేము 64 కుటుంబముల కాగితములు రెండేసి సెట్లు పోగుచేశాము. బియ్యము, దుప్పట్లు వచ్చాయి. అందరమూ దేవునికి స్తోత్రము చెప్పుకున్నాము. మిగిలిన రెండవ సెట్టును మందిరములో బీరువా మీద పెట్టి మరచిపోయాము. వేసవిలో గోడలకు సున్నము వేసేటప్పుడు అవి పాత పేపర్లతోపాటు తూకానికి వెళ్లిపోయాయి.

కొన్ని వారముల తరువాత మా చిన్నవాడు సెంటరులో బజ్జీలు కొని తెచ్చాడు. పొట్లము విప్పితే నూనె మరకల మధ్య మా సంఘస్థుని ఫొటో, ఆధార్ నంబరు కనిపించాయి. ఆ పూట మాకు ముద్ద దిగలేదు.

ఆ ఏడాదే మా సంఘములోని ఒక వృద్ధ విధవరాలు ఏడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఉపాధి హామీ కూలి డబ్బు ఖాతాలో దాచుకున్నది. తీసుకుందామని వెళితే 8,500 రూపాయలు లేవు. నెల రోజుల క్రితమే ఎక్కడో వేలిముద్ర వేసి తీసినట్లు పుస్తకములో పడింది. “నేను గడప దాటి ఎటూ పోలేదు అయ్యగారూ, నా వేలు ఎవరు పట్టుకుపోయారు?” అని అడిగింది.

వేలిముద్రతో డబ్బు తీయాలంటే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ కావాలి. మొదటి రెండూ మా జిరాక్సులలో ఉన్నాయి. మూడవది దొరకదా అంటే, 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారములో సిమ్ కార్డులు అమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను చూసి రబ్బరు ముద్రలు తయారుచేసి పట్టుబడ్డాడు. మా సహోదరి కూడా ఒకప్పుడు అర ఎకరము అమ్మి దస్తావేజు మీద వేలు వేసింది. దొంగకు దారి మా కాగితము చూపిందో, మరొకరి కాగితము చూపిందో రుజువు చేయలేము. రుజువు చేయలేము గనుక మేము నిర్దోషులము అనుకోలేకపోయాము.

“ఇంతకీ ఆ కాగితానికి ఏమి వస్తుందని అమ్ముకుంటారు అయ్యగారూ?” అని ఆమె అడిగిన మాట మమ్మును వదలలేదు. తెలుసుకోవడానికి ప్రయత్నించాము. అడిగిన చోటనెల్లా ఒక్కొక్క వెల కనిపించింది.

దొంగ సంతలో వెల బహు తక్కువ. 2018 జనవరిలో ట్రిబ్యూన్ పత్రిక విలేకరి 500 రూపాయలిస్తే, ఏ ఆధార్ నంబరు కొట్టినా పేరు, చిరునామా చూపించే దారి దొరికిందని వ్రాశారు. వేలిముద్రల సమాచారము మాత్రము భద్రముగానే ఉన్నదని ఆధార్ సంస్థ చెప్పింది. నూరు కోట్లకు పైగా ఉన్న జనానికి ఆ 500 పంచి చూడండి. మనిషికి పైసాలో వెయ్యవ వంతు కూడా పడదు!

కంపెనీల లెక్క వేరు. ఐబీఎం సంస్థ 2023 నివేదికలో, బయటపడిన ఒక్కొక్కరి వివరాలకు సగటున 165 డాలర్ల ఖర్చు అని చూపింది. అయితే అది విచారణకు, ఉత్తరాలకు, పోయిన వ్యాపారానికి కంపెనీకి అయిన ఖర్చు. వివరాలు పోయిన మనిషికి కలిగిన నష్టము కాదు.

పరిహారము సంగతి చూడండి. అమెరికాలో ఈక్విఫాక్స్ అనే సంస్థ జనుల అప్పుల చరిత్ర దాచి ఉంచుతుంది. 2017లో అక్కడ సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2019లో రాజీ కుదిరి, కావలసినవారు 125 డాలర్లు కోరవచ్చునన్నారు. కాని ఆ పద్దుకు కేటాయించినది 3 కోట్ల 10 లక్షల డాలర్లే. భాగించి చూస్తే 2 లక్షల 48 వేల మందికి మాత్రమే సరిపోతుంది! జనము విరగబడి అడిగేసరికి, ఒక్కొక్కరికి చాలా కొద్ది మొత్తమే అందుతుందని అక్కడి ప్రభుత్వ సంఘమే ప్రకటించవలసి వచ్చింది.

మన దేశములో 2023లో చేసిన వ్యక్తిగత వివరాల రక్షణ చట్టము, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది. మంచిదే. కాని ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది, మా సహోదరి చేతికి రాదు.

కాబట్టి ఒక సాయంత్రము మేమే ఆమె ప్రక్కన కూర్చొని లెక్క కట్టాము. పోయినది 8,500. బ్యాంకుకు, పోలీసు స్టేషనుకు అయిదుసార్లు తిరిగింది. రోజుకు 300 చొప్పున పోయిన కూలి 1,500, బస్సు ఛార్జీలు 300. మొత్తము 10,300 రూపాయలు. ఆ జిరాక్సుకు అయినది 2 రూపాయలు. “ఇంకేమైనా ఉందా అమ్మా?” అని అడిగాము. “ఇప్పుడు ఏ మిషను మీద వేలు పెట్టాలన్నా గుండె దడ అయ్యగారూ. అది కూడా వ్రాస్తారా?” అన్నది. ఏ అంకె వేయాలో తెలియక కలము క్రింద పెట్టాము. పోయిన పాసుపుస్తకమునకు బదులు ఇంకొకటి ఇస్తారు. వేలికి బదులు వేలు ఎవరిస్తారు?

ఆ 10,300 మా జీతములో నుండి కొంచెము కొంచెముగా ఇస్తున్నాము. మొదట ఆమె వద్దన్నది. “ఇది దానము కాదమ్మా, మా బాకీ” అని చెప్పాము. ఆదివారము ఆరాధన తరువాత 64 కుటుంబములనూ క్షమాపణ అడిగాము.

ప్రియులారా, ఒకప్పుడు ముప్పది వెండి నాణెములు చేత పుచ్చుకున్నవాడు వేసిన వెల, ఆయన విలువ కాదు గదా! మనిషి వివరాలకు కొనేవాడు వేసే వెల కూడా అంతే.

మేము నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాము. జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద ఎందుకు ఇస్తున్నారో, తేదీతో సహా అడ్డముగా వ్రాయండి. పని తీరిన కాగితములను తూకానికి వేయక కాల్చివేయండి. ఆధార్ వేలిముద్రకు తాళము వేసే వీలు ఉన్నది, పిల్లల చేత ఫోనులో వేయించుకోండి, అవసరమైనప్పుడు తీయవచ్చు. డబ్బు పోతే ఆ రోజే 1930కి ఫోను చేసి బ్యాంకులో వ్రాసి ఇవ్వండి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు, మన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా పోయిన సొమ్మును మూడు పని దినములలో తెలిపితే ఖాతాదారునికి నష్టము లేదన్నది. మా సహోదరికి తెలిసేసరికి నెల దాటిపోయింది.

ఇప్పుడు మా మందిరములో బీరువా మీద ఏమీ లేదు. బీరువాకు తాళము ఉన్నది.