నాయనమ్మ, కాంతిమాపకం

నాయనమ్మను నేను తీసిన ఛాయాచిత్రం ఒక్కటే. అందులో అరుగు ఉంది, చేటలోని బియ్యం గింజగింజా కనిపిస్తుంది. వెనుకనున్న సున్నపు గోడ మబ్బు పట్టినట్టు బూడిదరంగులో ఉంది. ముఖం మాత్రం బొగ్గు. ముక్కుపుడక ఒక చుక్కలా మెరుస్తుంది, అంతే.

కెమెరా కేనన్ కేనొనెట్ క్యూఎల్17 జి-త్రీ. 1972లో వచ్చిన రేంజ్‌ఫైండర్. నా చేతికి అందేనాటికే పాతది. షట్టర్ వేగాన్ని మనం నిర్ణయిస్తే అపెర్చర్‌ను అది ఎంచుకుంటుంది. ఆ అంకెను చూపే సూది వ్యూఫైండర్‌లో కుడివైపున ఉంటుంది. ఆనాడు కెమెరాలో ఉన్నది 100 వేగపు నలుపు తెలుపు ఫిల్ము, షట్టర్ 125. సూది 11 దగ్గర నిలిచింది. నమ్మి నొక్కాను.

తప్పు సూదిది కాదని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఈ కెమెరాలో కన్ను ఒక కిటికీలోంచి చూస్తుంది, ఫిల్ము కటకంలోంచి చూస్తుంది, కాంతిని కొలిచే సెల్ కటకపు వలయంలోనే మరో చిన్న రంధ్రంలోంచి చూస్తుంది. నేను చూసింది నాయనమ్మను. సెల్ ఎక్కువగా చూసింది గోడను. అది తెల్లగోడ అన్న జ్ఞానం పాపం దానికెక్కడిది? కనబడినదాని సగటును మధ్యస్థమైన బూడిదరంగులోకి తేవడమే దానికి తెలిసిన విద్య. నల్లగేదెను చూపినా అంతే, వెలిసిపోయిన గేదె వస్తుంది! గోడ తెలుపును అణచడానికి అది వెలుతురును తగ్గించింది. ఆ కోత నాయనమ్మ ముఖం మీద పడింది. ఇంకో రెండు మెట్లు, అంటే నాలుగు రెట్ల వెలుతురు కావలసింది.

ఉపాయం చాలా చిన్నది. దగ్గరకు వెళ్ళి ముఖాన్ని కొలిచి, మీటను సగం నొక్కి పట్టుకుంటే సూది అక్కడే ఆగుతుంది. అలాగే వెనక్కి వచ్చి తీయవచ్చు. నాకు మాత్రం అరచేయి అలవాటైంది. ఒంటిరంగు ఏదైనా అరచేతులు ఇంచుమించు ఒకే తెలుపు. అదే వెలుతురులో దాన్ని కొలిచి, ఆటోను వదిలి, ఒక మెట్టు ఎక్కువ తెరుస్తాను. (దీనికి వాడే 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టులవి వేస్తే సూది కొలత తప్పుతుంది. అది వేరే గోల.)

ఇదంతా తెలిసి మళ్ళీ ఊరు వెళ్ళేసరికి నాయనమ్మ లేదు. నెగెటివ్‌ను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ముఖం ఉండవలసిన చోట ఫిల్ము దాదాపు ఖాళీ. ఎలాంటి కాగితం మీద ముద్రించినా లేనిది రాదు కదా.

మధ్యాహ్నం చూరునీడ అరుగు మీదకు వచ్చాక, అక్కడ నిలబడి అరచేతిని కొలిచాను. సూది 8 దగ్గర ఆగింది. ఒక మెట్టు తెరిస్తే 5.6.