ధ్రువవీణ, చలవీణ: వాద్యపరీక్షలో వివేకము



పోల్చి చూడడం బుద్ధికి సహజధర్మం. కాని పోలికకు కదలని ఆధారం ఒకటి ఉండాలి. అది లేనప్పుడు కంటికి తళుక్కుమన్నదే ఉత్తమమని తోస్తుంది. కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రేయస్సును వేరు చేసి చూపినది ఈ భ్రమను తొలగించడానికే.

సంగీతశాస్త్రంలో ఈ సత్యానికి చక్కని ప్రయోగం ఉంది. భరతముని నాట్యశాస్త్రంలో సమానమైన రెండు వీణలను ఒకే శ్రుతిలో కూర్చి, ఒకదానిని కదిలించక, రెండవదాని తంత్రులను నాలుగు సారణలలో క్రమంగా దించుతూ ఇరువది రెండు శ్రుతులను నిరూపించాడు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో వాటిని ధ్రువవీణ, చలవీణ అన్నాడు. ధ్రువవీణ నిలకడగా ఉన్నందువల్లనే చలవీణలోని భేదం చెవికి తెలిసింది.

కరీంనగర్, పెద్దపల్లి పట్టణాల నడుమ రాజీవ్ రహదారిపై ఉన్న సుల్తానాబాద్‌లో ఒక భజన మండలికి ఇటువంటి పరీక్షే ఎదురైంది. శనివారపు భజనలకు ఏళ్ల తరబడి తోడుగా నిలిచిన చిన్న కీబోర్డులో కొన్ని మీటలు మూగబోయాయి. క్రొత్తది కొనడానికి చందాలు పోగయ్యాయి. అందులో బియ్యపు మిల్లుల హమాలీలు ఇచ్చిన పది, ఇరవై రూపాయల నోట్లున్నాయి. వరికోతల పిమ్మట రైతులు ఇచ్చినదీ ఉంది. భగవన్నామానికై ఇచ్చిన ఆ ధనం దేవద్రవ్యంతో సమానం. దానిని ఆడంబరానికి వెచ్చించడం దోషం.

యువకులు కరీంనగర్ దుకాణాలు తిరిగి మూడు వాద్యాల వివరాలు తెచ్చారు: యమహా పీఎస్ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10. మూడింటికీ అరవై ఒక్క మీటలే. దేనిలో ఎన్ని వందల ధ్వనులు, ఎన్ని లయలు అని లెక్కలు సాగాయి. అంతా విన్న వృద్ధ హార్మోనియం విద్వాంసుడు ఒక్క మాటే అడిగాడు: "గిది మోగితె మనం పాడుతమా బిడ్డా, ఉత్తగ వింటమా?"

ఆ ప్రశ్నే వారికి ధ్రువవీణ అయింది. అప్పటినుండి ప్రతి గుణాన్నీ దాని పక్కన నిలిపి చూశారు.

మొదటిది స్వరశుద్ధి. కీబోర్డు స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తుంది. ఒక్కొక్క భాగం నూరు సెంట్లు. షడ్జమంతో సహజంగా కలిసే అంతర గాంధారం సుమారు 386 సెంట్ల వద్ద ఉంటే, మీట పలికేది 400 వద్ద. ఆ పద్నాలుగు సెంట్ల ఎడం తంబురా పక్కన స్పష్టంగా వినిపిస్తుంది. హార్మోనియంపై ఆకాశవాణి 1940లో విధించిన నిషేధం మూడు దశాబ్దాలు సాగడానికి ఈ స్థిరస్వరాలూ, గమకం పలకకపోవడమూ కారణాలు. కనుక స్వరాలను విడివిడిగా సవరించే సౌకర్యం మొదట చూడదగినది. రోలాండ్‌లో అందుకు ప్రత్యేకంగా మీటలున్నాయి.

రెండవది గమకం. ఎడమచేతి దగ్గర స్వరాన్ని వంచే సాధనం మూడింటిలోనూ ఉంది. దానితోనే చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డుపై కర్ణాటక సంగీత కచేరీలు చేసి చూపారు. సాధన ఉంటే యంత్రం కూడా వంగుతుంది.

మూడవది శ్రుతి మార్పు. పురుషులు ఒకటిన్నర శ్రుతిలో, స్త్రీలు అయిదు శ్రుతిలో అందుకుంటే వాద్యం వారి గొంతును అనుసరించాలే గాని, గొంతు వాద్యాన్ని వెంబడించరాదు.

యమహాలో తంబురా, తబలాలను తానే వినిపించే రియాజ్ సదుపాయం ఉంది. ఒంటరిగా సాధన చేసే విద్యార్థికి అది వరం. మృదంగం పట్టుకొని ఒక బాలుడు, తాళాలు పట్టుకొని పదిమంది కూర్చున్న భజనలో అదే వారి చేతులకు విరామమవుతుంది. రోలాండ్‌కు సొంత స్పీకర్లు లేవు. ఇంటిలో వాయించుకొనేవానికి అది లోపం, మైకుసెట్టు ఉన్న మందిరానికి లోపం కాదు. అధికారి భేదంచేత గుణమే దోషమవుతుంది, దోషమే గుణమవుతుంది. వస్తువు ఒక్కటే, ప్రయోజనం వేరు.

చివరకు వారు శ్రుతిపెట్టెను వెంట తీసుకొని దుకాణానికి వెళ్లారు. షడ్జమం మోగుతుండగా మూడు వాద్యాలపైనా అంతర గాంధారాన్ని పలికించి, కళ్లు మూసుకొని విన్నారు. సవరించిన గాంధారం షడ్జమంలో లీనమైన క్షణాన వృద్ధుడు తల ఊపాడు. రోలాండ్‌ను తీసుకొన్నారు. మిగిలిన ద్రవ్యంతో పాత హార్మోనియం తిత్తులు బాగుచేయించారు. ఎందుకంటే, కరెంటు పోతే మైకుసెట్టు మూగబోతుంది. హార్మోనియానికి కావలసింది ఒక చేతి గాలి మాత్రమే.

వచ్చే ఏడు ఇంకొక నమూనా రావచ్చు, దానికి ఇంకొన్ని ధ్వనులు చేరవచ్చు. చలవీణకు అంతం లేదు. దానిని నిందించనక్కరలేదు, దాని వెంట పరుగెత్తనూ అక్కరలేదు. వాద్యం ఏదైనా, కొనేముందు దానివల్ల ఎన్ని గొంతులు కలుస్తాయో, ఎన్ని చేతులు ఊరకుంటాయో లెక్కించడమే నిత్యానిత్య వస్తు వివేకానికి నిత్యజీవితంలో తొలిపాఠం.

స్వస్తి.