మోత కంటే ముందు లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గురించే రాద్దామనుకున్నాం. కానీ హాస్టలుకు వచ్చిన ప్రతిసారీ పదో తరగతి తమ్ముళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్న వేరే ఉంది. "అన్నా, డీజే సెట్టు పెట్టాలంటే ఎంతైతది?" అని. అడిగినవాళ్ళను కోప్పడలేం. అందుకే మేము పడ్డ తిప్పలన్నీ ఇక్కడ రాస్తున్నాం.

మేమంటే 6వ నంబరు గదిలో ఐదేళ్ళు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని బతికిన నలుగురం. ముగ్గురం డిగ్రీ దాటి పీజీకి వచ్చాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసినవాళ్ళం మేమే మొదలు. నాలుగోవాడు ఇంటర్ తర్వాత ఆగిపోయాడు. వాళ్ళ నాయిన మోకాళ్ళు పనికి సహకరించక, వాడు టెంట్ హౌస్‌లో బాక్సులు మోసే కూలికి కుదిరాడు. హాస్టల్ డే నాడు మేమంతా స్టేజీ ముందు గంతులేస్తుంటే వాడు మాత్రం ఆంప్లిఫయర్ వెనకాల కూర్చుని ఏ వైరు ఎక్కడికి పోతుందో చూసేవాడు. అది మాకందరికీ గుర్తే.

2023 ఫిబ్రవరిలో వాడు ఫోన్ చేశాడు. అప్పటికి మేము డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాం. పక్క మండలంలో ఒకరు తమ సెట్టును రెండు లక్షలకు అమ్ముతున్నారట. నాలుగు పెద్ద బేస్ బాక్సులు, రెండు టాప్‌లు, లైట్లు. వాళ్ళమ్మకు మహిళా సంఘంలో యాభై వేల లోను వస్తుంది. వాడు దాచుకున్నవి పదిహేను వేలు. మిగతా 1,35,000 మూడు రూపాయల మిత్తికి తెస్తానన్నాడు.

మేము ముగ్గురం ఆదివారం వాళ్ళ ఊరు పోయాం. అరుగు మీద వాళ్ళ నాయిన కూర్చుని ఉన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు డప్పు కొట్టిన మనిషి. మమ్మల్ని చూసి, "మీరన్నా చెప్పుండ్రి బిడ్డా! బాక్సులొచ్చినంక మా డప్పును పిలిచేటోడు లేకుండపోయిండు. ఇగ నా కొడుకే అప్పు జేసి ఆ బాక్సులు కొంటడట" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వాడు తల వంచుకుని, "నాయినా, డప్పును పిలుస్తలేరని నేను కూలికే పోవాల్నా?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి లెక్క వేశాం. 1,35,000కు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,050. అసలు కదలకుండా మిత్తే అంత. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు. మిత్తికి మాత్రం మూఢం లేదు. ఇంకో లెక్క కూడా వేశాం. కొత్తగా మొదలుపెట్టినవాణ్ని ముందు ఎవరు పిలుస్తారు? పెద్ద బరాత్‌లకు వ్యాన్లు, జనరేటర్లు ఉన్నవాళ్ళున్నారు. మావాణ్ని పిలిచేది చీరకట్టు ఫంక్షన్లకు, పుట్టినరోజులకు, హల్దీలకు. అంటే వంద, నూటయాభై మంది జనం, ఒక వాకిలి, ఇంటి కరెంటు. ఆ వాకిలికి సరిపడే సెట్టు కొందామని తేల్చుకున్నాం.

సంఘం లోను యాభై వేలు, వాడివి పదిహేను వేలు. స్కాలర్‌షిప్పులోంచి, ట్యూషన్లు చెప్పిన డబ్బుల్లోంచి మేము పది వేలు కలిపాం. మొత్తం 75,000. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ రెండు రోజులు తిరిగాం. పాతవీ కొత్తవీ కలిపి కొన్నవి ఇవీ: పాత లాప్‌టాప్ 16,000, పాత రెండు చానళ్ళ కంట్రోలర్ 15,500, లోపలే ఆంప్లిఫయర్ ఉన్న 15 అంగుళాల పాత బాక్సులు రెండు 26,000, స్టాండ్లు 3,000, చిన్న మిక్సర్ 4,500, వైరు మైకులు రెండు 3,500, హెడ్‌ఫోన్ 2,000, వైర్లు, జంక్షన్ బాక్సు, పెట్టె కలిపి 4,500. లైట్లు కొనలేదు. అవసరమైనప్పుడు టెంట్ హౌస్ నుంచే అద్దెకు తెచ్చుకోవచ్చు.

తమ్ముళ్ళూ, కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని చెబుతాం.

మొదటిది వాట్లు. బాక్సు మీద పెద్ద అక్షరాలతో 2000 వాట్లు అని ఉంటుంది. అది క్షణకాలం వచ్చే పీక్ లెక్క కావచ్చు. మనం అడగవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇచ్చే శక్తి. ఇంకో సంగతి మన ఫిజిక్సులోనే ఉంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల శక్తి కావాలి. రెట్టింపు డబ్బు పెట్టినంత మాత్రాన రెట్టింపు మోత రాదు.

రెండోది లాప్‌టాప్. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే పాతదైనా నడుస్తుంది. నేర్చుకోవడానికి మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. కంట్రోలర్ కొనకముందే కీబోర్డు మీద నెల రోజులు నేర్చుకోవచ్చు. చేతికి లయ వచ్చిందో లేదో తెలిశాకే డబ్బు తీయండి.

మూడోది మిక్సర్, మైకు. కంట్రోలర్‌లోనే మైకు పెట్టుకునే చోటుంది కదా, మిక్సర్ దండగ అని దుకాణంలో అన్నారు. మేము వినలేదు. లాప్‌టాప్ ఆగిపోతే కంట్రోలర్‌ను నమ్మలేం. మిక్సర్ వేరే ఉంటే మైకు పలుకుతూనే ఉంటుంది, ఇంకో చానల్‌లో ఫోన్ పెట్టి పాట నడపొచ్చు. ఫంక్షన్‌లో పాట ఒక నిమిషం ఆగినా ఓర్చుకుంటారు. పెద్దమనిషి మాట్లాడుతుంటే మైకు ఆగితే ఓర్చుకోరు.

నాలుగోది వైర్లు. మొదటి ఫంక్షన్‌లోనే బాక్సుల్లోంచి గుయ్‌మని ఒకటే మోత. లాప్‌టాప్ చార్జర్ తీస్తే ఆగింది, పెడితే మళ్ళీ మొదలైంది. అక్కడున్న ఒకాయన, "ఎర్తు పిన్ను ఇరగ్గొట్టు, పోతది" అన్నాడు. తమ్ముళ్ళూ, ఎవరు చెప్పినా ఆ పని చేయకండి. ఎర్తు తీసేసిన సెట్టులో లోపలి వైరు బాడీకి తగిలితే మైకు పట్టుకున్నవాడి ప్రాణం పోవచ్చు. బాక్సులు ఒక ప్లగ్గులో, లాప్‌టాప్ ఇంకో గదిలోని ప్లగ్గులో పెట్టడం వల్ల వచ్చిన తిప్పలది. అన్నీ ఒకే జంక్షన్ బాక్సులోకి తెస్తే గుయ్‌మనడం పోయింది.

ఐదోది చట్టం. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మోగించకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఊరేగింపులనే నమ్ముకుని లక్షలు అప్పు తెచ్చేవాళ్ళు ఈ సంగతి ఆలోచించుకోవాలి. బయానా తీసుకునేటప్పుడే పదింటికి బంద్ చేస్తానని మావాడు చెబుతాడు. దానివల్ల రెండు బేరాలు పోయాయి. స్టేషన్ గడప మాత్రం ఎక్కలేదు.

చివరగా రెండో మైకు సంగతి. ఒకటి చాలు కదా అని మేమే గొణిగాం. ఆ ఏప్రిల్‌లో ఒక చీరకట్టు ఫంక్షన్‌లో ఒక ముసలమ్మ, "ఏమయ్యా, డప్పు లేని దావతేంది?" అని అడిగింది. మావాడు ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళ నాయిన ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, గడ్డి మంట మీద డప్పు కాపి, వాకిట్లో నిలబడ్డాడు. మావాడు రెండో మైకును స్టాండుకు కట్టి రెండడుగుల దూరంలో పెట్టి, పాట తగ్గించాడు. ముసలమ్మ మొదలు చిన్నపిల్లల దాకా ఆడారు. అప్పటినుంచి బయానా మాట్లాడేటప్పుడు డప్పు కావాలా అని కూడా అడుగుతున్నాడు. కావాలన్నవాళ్ళు అందరూ కాదు, కొందరే. వాళ్ళిచ్చే డప్పు పైసలు వేరేగా వాళ్ళ నాయిన చేతికే పోతాయి.

అంతా బాగైపోయిందని మేము చెప్పం. వాళ్ళ నాయినకు ఇప్పటికీ బాక్సులంటే పడదు. సంఘం లోను ఇరవై నాలుగు కిస్తుల్లో ఒక్కటీ తప్పలేదు, కానీ ఆషాఢం కిస్తులను మావాడు మళ్ళీ టెంట్ హౌస్ కూలికి పోయే కట్టాడు. రెండు లక్షల సెట్టు కొని ఉంటే ఆ కూలి మిత్తికి కూడా చాలేది కాదు.

తమ్ముళ్ళూ, సెట్టు పెట్టాలనుకుంటే పెట్టండి, అది తక్కువ పని కాదు. కానీ ముందు ఇంటర్ పూర్తి చేయండి. బాక్సులు చూడకముందు నోటుబుక్కు తీయండి. మీ అమ్మ వేలిముద్ర ఏ కాగితం మీద పడుతుందో, దాని కిస్తు ఏ నెలలో ఎట్లా కడతారో రాసుకోండి. లెక్క కుదరకపోతే మాకు ఫోన్ చేయండి, కూర్చుని మళ్ళీ వేద్దాం.

ఈసారి హాస్టల్ డేకు సెట్టు మావాడిదే. కిరాయి వద్దన్నాడు. డప్పుకు మాత్రం ఇవ్వాలట.