జనం లేని చోటు, ఎలుగు గొడవ లేని చోటు

పోయిన ఆగస్టు చివర్లో కాలిఫోర్నియాలో మా అక్క ఉద్యోగం పోయింది. వీసా రూలు ప్రకారం కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులు. రోజూ అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు. ఒక రోజు ఫోన్ చేసి, "ఒరేయ్, మూడు రోజులు ఎక్కడైనా కొండల్లోకి పోవాలి. నాకు వెతికే ఓపిక లేదు, నువ్వే చూసిపెట్టు. జనం ఉండకూడదు, ఎలుగుల గొడవ ఉండకూడదు" అంది. తనతో పాటు ఇద్దరు రూమ్మేట్లు. టెంట్లు అద్దెకి తెచ్చుకుంటారట.

ఈ మాట అమ్మ చెవిన పడింది. మాది ఉద్దానం వైపు. జీడితోటల్లో ఎలుగులు మనుషుల మీద పడిన సంగతులు వింటూ పెరిగాం. "ఉద్యోగం పోయిందని ఎలుగు నోట్లో తలెడతావేటే?" అని అక్క మీద లేచింది.

అందుకే నేను ముందు ఎలుగు సంగతి చదివాను. మన ఎలుగు చెదలు, పళ్లు తింటుంది. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీదికొస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్నవి నల్ల ఎలుగులు (పేరుకే నలుపు, చాలావాటి రంగు గోధుమ). గ్రిజ్లీ అక్కడ ఇప్పుడు రాష్ట్ర జెండా మీదే ఉంది. నల్ల ఎలుగు మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుంటుంది. దానికి కావాల్సింది మన తిండి. యోసెమిటీ పార్కులో 1998లో ఎలుగులు కార్లు, సామాన్లు పాడుచేసిన ఘటనలు 1,500 దాటాయి. చెట్టుకి వేలాడదీసిన సంచుల్ని దించడం కూడా నేర్చుకున్నాయి. ఆ తర్వాత క్యాంపుల్లో ఇనుప పెట్టెలు, అడవి లోపలికి వెళ్లేవాళ్లకి గట్టి డబ్బాలు తప్పనిసరి చేశాక గొడవ బాగా తగ్గింది.

ఇది చదివాక అర్థమైంది, అక్క పెట్టిన రెండు కండిషన్లూ నిజానికి ఒకటే. రోజూ జనం వండుకుని పడుకునే చోటే ఎలుగు రుచి మరుగుతుంది. హాఫ్ డోమ్ దారిలో ఉన్న లిటిల్ యోసెమిటీ వ్యాలీ చూడండి, రెండు తలనొప్పులూ అక్కడే. కొట్టేశాను.

యోసెమిటీకి ఏడాదికి సుమారు 40 లక్షల మంది వస్తారు, ఎక్కువమంది ఒక్క లోయలోనే. లోపలి అడవిలో రాత్రి ఉండాలంటే ట్రైల్‌హెడ్‌కి ఇంతమందని కోటా. 60 శాతం పర్మిట్లు 24 వారాల ముందే లాటరీలో పోతాయి, మిగతావి వారం ముందు ఇస్తారు. 24 వారాల ముందు అక్కకి ఉద్యోగం ఉంది!

'బెస్ట్' అని వెతికితే ప్రతి లిస్టులోనూ అవే పది సరస్సులు. దాంతో రివర్స్‌లో వెతికాను: అదే రాయి, అవే నీళ్లు, లిస్టులో పేరు మాత్రం ఉండకూడదు. యోసెమిటీకి ఉత్తరంగా ఆనుకుని ఎమిగ్రెంట్ వైల్డర్‌నెస్ ఉంది. పర్మిట్ కావాలి గానీ కోటా లేదు. ఫొటో దిగడానికి హాఫ్ డోమ్ లేదు కాబట్టి రద్దీ తక్కువ. మనలో సగం మంది ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లే కాబట్టి ఇంకో రెండు ఫిల్టర్లు చెప్తాను. సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే. అది అయ్యాక, వారం మధ్యలో బయల్దేరాలి. ట్రైల్‌హెడ్ నుంచి మొదటి సరస్సు దగ్గర ఆగకూడదు, వీకెండ్ జనం అక్కడే దిగుతారు. క్రాబ్‌ట్రీ ట్రైల్‌హెడ్ నుంచి మొదట క్యాంప్ లేక్, తర్వాత బేర్ లేక్ (ఈ పేరు అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు). రెండూ దాటి పైయూట్ లేక్ దాకా వెళ్లమన్నాను.

కోటా లేదంటే ఎలుగులు లేవని కాదు. డబ్బా అద్దెకి తీసుకోవాల్సిందే. తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్ట్, లిప్ బామ్, వాసనొచ్చేదేదైనా అందులోనే. ముగ్గురి తిండీ పట్టడానికి అక్క జంతికలన్నీ పొడి చేసేసింది. వీడియో కాల్‌లో ఆ మూత తీయడానికి తనకే రెండు నిమిషాలు పట్టింది. నేను చెప్పిన లెక్కలన్నిటికంటే అమ్మకి ఆ రెండు నిమిషాలే నచ్చాయి. "సరే, పోయిరా" అంది.

బుధవారం వెళ్లారు. శుక్రవారం రాత్రి సిగ్నల్ దొరగ్గానే మెసేజ్ వచ్చింది: "ఎలుగులు సున్నా. మనుషులు ఆరుగురు. రెండు రాత్రులూ బాగా నిద్రపట్టింది. ఇంకా 41 రోజులున్నాయి, సోమవారం ఇంటర్వ్యూ ఉంది. అమ్మకి చెప్పు, జంతికల పొడి పెరుగులో బాగుంది."