కొల్లేటి వెలుతురులో ప్లాస్టిక్ కెమెరా

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు సెలవుల కాలక్షేపంగా కొనిపెట్టదగిన వస్తువుల్లో, విడిభాగాలుగా పెట్టెలో వచ్చి కొన్నవారే బిగించుకోవలసిన ప్లాస్టిక్ ఫిల్ము కెమెరా ఒకటి. ఈ తరహా కెమెరాల్లో బాగా పేరు పడినది, వియన్నా కేంద్రంగా పనిచేసే లోమోగ్రఫీ సంస్థ 2013లో విడుదల చేసిన కన్‌స్ట్రక్టర్. అంతకు నాలుగేళ్ల ముందే జపానులో గక్కెన్ ప్రచురణ సంస్థ, పెద్దల కోసం వెలువరించే తన విజ్ఞాన పత్రికతో పాటు, గక్కెన్‌ఫ్లెక్స్ అనే రెండు కటకాల కెమెరా భాగాలను పాఠకులకు అందించింది. క్రిస్మస్ సెలవులకు స్వదేశం బయలుదేరి సంక్రాంతి దాకా ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో గడిపే కుటుంబం ఇటువంటి కెమెరాను వెంట తీసుకువస్తే, అది కొల్లేటి సరస్సు పక్షుల కాలంలోనే అక్కడికి చేరుతుంది.

కన్‌స్ట్రక్టర్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ జాతికి చెందినది, అనగా దృశ్యాన్ని చూపేదీ ఫిల్ము మీద ముద్రించేదీ ఒకే కటకం. కటకం గుండా వచ్చిన వెలుతురు 45 డిగ్రీల కోణంలో వాలి ఉన్న అద్దాన్ని తాకి పైకి మళ్లి గరుకు తెర మీద బొమ్మ కడుతుంది. మీట నొక్కగానే అద్దం లేచి దారి ఇస్తుంది, వెనుక ఉన్న 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద వెలుతురు పడుతుంది. ఖరీదైన కెమెరాల్లో ఈ తెర పైన ఐదు మూలల గాజు పట్టకం ఉండి బొమ్మను సరిచేస్తుంది గాని ఇందులో అది లేనందున కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, పడమటికి సాగుతున్న దోనె తెర మీద తూర్పుకు పోతున్నట్లుంటుంది. ఫోటో పుస్తకంలో ఒక పేజీ పట్టే ఈ సంగతి, అద్దాన్ని తన చేత్తో బిగించిన పన్నెండేళ్ల పిల్లకు ఒక్క చూపులో బోధపడుతుంది.

ఈ పిల్లల తాతల తరానికి ప్లాస్టిక్ కెమెరా కొత్త కాదు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన అగ్ఫా క్లిక్ 3, ఒక రీలుకు పన్నెండు చదరపు ఫోటోలు తీస్తూ దేశమంతటా మధ్యతరగతి ఇళ్లలో చేరింది. ఆ తరువాత ఫోటోఫోన్ వారి హాట్‌షాట్ వచ్చింది. ఊటీలో 1960లో నెలకొల్పిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము అందించింది. అయితే క్లిక్ 3 కొన్నవారు మబ్బు గుర్తు, సూర్యుడి గుర్తు చూసి మీట తిప్పారే తప్ప, ఆ మీట లోపల దేనిని మారుస్తున్నదో తెలుసుకోవలసిన అవసరం వారికి రాలేదు. కన్‌స్ట్రక్టర్‌లో తిప్పడానికి అటువంటి మీట కూడా లేదు. వెలుతురుకు సంబంధించిన నిర్ణయాలన్నీ తయారీలోనే జరిగిపోయాయి. బిగించేవారికి మిగిలేది ఆ నిర్ణయాలేమిటో గ్రహించడమే, ఈ కెమెరా విలువ కూడా అక్కడే ఉన్నది.

ఆ నిర్ణయాల్లో ముఖ్యమైనవి రెండు. కటకపు నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు, రంధ్రం ఎఫ్ 10, అనగా నాభ్యంతరంలో పదో వంతైన 5 మిల్లీమీటర్ల వెడల్పు; షట్టరు తలుపు తెరుచుకొని ఉండే కాలం సెకనులో 80వ వంతు. నిండు ఎండలో రంధ్రం ఎఫ్ 16 ఉంటే ఫిల్ము వేగాన్ని సూచించే ఐఎస్ఓ సంఖ్య ఎంతో సెకనులో అన్నో వంతు వెలుతురు చాలునని ఫోటోగ్రాఫర్ల పాత లెక్క ఒకటున్నది. దాని ప్రకారం ఐఎస్ఓ 100 ఫిల్ము మీద ఈ కెమెరా నిండు ఎండలో కావలసిన దానికి మూడు రెట్లకు పైగా వెలుతురు పోస్తుంది. ఎఫ్ 8 కోరే మబ్బు వేళ కావలసిన దానిలో ఐదింట నాలుగు వంతులు, అంటే దాదాపు సరిగ్గా, ఇస్తుంది. వియన్నా ఆకాశానికి కుదిరిన లెక్క ఇది. అయినా నెగటివ్ ఫిల్ము అధిక వెలుతురును చాలావరకు ఓర్చుకొంటుంది కనుక పుష్యమాసపు కొల్లేటి ఎండలో ఐఎస్ఓ 100 గట్టెక్కుతుంది. విదేశాల్లో చలికాలానికి అలవాటుగా కొనే ఐఎస్ఓ 400 రీలు మాత్రం ఇక్కడ దాదాపు పదమూడు రెట్ల వెలుతురు మింగడంతో ఫోటోలు వెలవెలబోయే ప్రమాదం ఉంది.

కొల్లేటి పక్షుల కేంద్రమైన ఆటపాక వెళ్లి గూడబాతులను, అనగా పెలికాన్లను, దీనితో తీయాలనుకోవడం ఆశాభంగానికి దారి. యాభై మీటర్ల దూరంలోని వస్తువును 50 మిల్లీమీటర్ల కటకం వెయ్యి రెట్లు చిన్నది చేస్తుంది కనుక, రెక్కల వ్యాప్తి రెండు మీటర్లున్న పక్షి 36 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేములో రెండే మిల్లీమీటర్లుగా మిగులుతుంది. అది సెకనుకు పది మీటర్ల వేగంతో ఎగురుతుంటే, తలుపు మూసుకొనేలోగా పన్నెండున్నర సెంటీమీటర్లు ముందుకు జరిగి, ఆ రెండు మిల్లీమీటర్లలో కూడా మసకబారుతుంది. పక్షుల కోసం ఫోనునే నమ్ముకోవడం మేలు.

కొల్లేటి విశాలత మాత్రం ఈ కెమెరాకు అచ్చంగా సరిపోతుంది. సుమారు 8 మీటర్ల దూరానికి కటకాన్ని సరిచేస్తే 4 మీటర్ల నుంచి దిగంతం దాకా అన్నీ స్పష్టంగా పడతాయి కాబట్టి, ఇవతలి గట్టు మీది వలల కుప్ప, నడుమ గుర్రపుడెక్క, అవతల లంక గ్రామపు ఇళ్లు ఒకే ఫ్రేములో నిలుస్తాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని నింపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే ఈ సరస్సులో ఏది నీరు, ఏది చెరువు, ఏది గట్టు అన్నది స్థిరంగా ఉండలేదు. 1999లో అయిదో కాంటూరు (సమాన ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో సరస్సు రామ్‌సర్ ఒప్పందపు చిత్తడి నేలల జాబితాకెక్కింది, 2006లో ఆ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ప్రతి ఏటా వచ్చే ప్రవాస కుటుంబం ఒకే గట్టు మీద నిలబడి ఏటా ఒక ఫోటో తీస్తే, ఈ మార్పులకు అదొక చిన్న దస్త్రమవుతుంది. వెలుతురు లెక్క, కటకం మారని కెమెరా అటువంటి పోలికకు అనుకూలం కూడా.

ఫిల్మును చేర్చడం, కడగడం వేరే పనులు. కొన్ని విమానాశ్రయాల్లో చేతి సంచులను పరీక్షించే సీటీ స్కానర్లు కడగని ఫిల్మును పాడుచేస్తాయి గనుక, రీళ్లను పారదర్శకమైన సంచిలో పెట్టి చేత్తో పరీక్షించమని అడగవలసి ఉంటుంది. ప్లాస్టిక్ భాగాల అతుకుల గుండా వెలుతురు చొరబడే ప్రమాదం ఉన్నందున, కొల్లేటి మిట్టమధ్యాహ్నం ఎదుర్కొనే ముందు వెనుక తలుపు అంచుల వెంట నల్ల టేపు అంటించడం అవసరం.

నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవచ్చు. డెవలపర్ అనే రసాయనం వెలుతురు సోకిన వెండి లవణాలను లోహపు వెండిగా మారుస్తుంది, ఫిక్సర్ మిగిలిన లవణాలను కరిగించి తీసివేస్తుంది. డబ్బాల మీది సూచనలు సాధారణంగా 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు రాసి ఉంటాయి. కొల్లేటి ప్రాంతపు కుళాయి నీరు చలికాలపు పగటి పూట కూడా అంతకంటె వెచ్చన, వేడి పెరిగిన కొద్దీ కడిగే సమయం తగ్గుతుంది, అదుపు తప్పుతుంది. అందుచేత రసాయనపు సీసాను చల్లని నీళ్ల బేసినులో నిలిపి ఉష్ణోగ్రత దించుకోవాలి. చేపల ఎగుమతి మీద బతికే కైకలూరు, ఆకివీడు పరిసరాల్లో ఐసుకు కొదవ లేదు. ముక్కలను బేసినులోనే వేయాలి గాని డెవలపర్‌లో వేస్తే అది పలచబడి బొమ్మ వెలవెలబోతుంది.